డాక్ లోపలి మార్పుల కథ

సీడీలో పాట అంకెల రూపంలో ఉంటుంది. సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసుకున్న 16 బిట్ల అంకెలవి. వాటిని తిరిగి విద్యుత్ తరంగంగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించేది డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్. అందరూ డాక్ అంటారు. దాని మూత విప్పి విడిభాగాలు మార్చుకునే అలవాటు ఇంచుమించు సీడీ వయసుదే.

1982 అక్టోబరులో సోనీ తొలి సీడీ ప్లేయర్‌ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. సీడీ రూపకల్పనలో దాని భాగస్వామి ఫిలిప్స్. ఆ కంపెనీ దగ్గర అప్పటికి ఉన్న డాక్ చిప్ టీడీఏ1540 మాత్రం 14 బిట్లదే. ఆ లోటు పూడ్చడానికి ఫిలిప్స్ ఇంజనీర్లు అంకెల వేగాన్ని నాలుగింతలు చేసి, రొదలో ఎక్కువ భాగాన్ని చెవికి అందని పౌనఃపున్యాల వైపు నెట్టేశారు. ఆ తరం ఆడియో ఇంజనీరింగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం అదే. ఆ తర్వాత పూర్తి 16 బిట్లతో టీడీఏ1541 వచ్చింది. దాని ‘ఏ’ రకంలో ఏరి తీసిన చిప్‌ల మీద కిరీటం గుర్తు వేసేవారు. ఆ గుర్తు కోసం పాత ప్లేయర్లు వెతికేవాళ్లు నేటికీ ఉన్నారు. నకిలీలు పుట్టిందీ అందుకే.

చిప్ ఎంత మేలైనదైనా దాని సిగ్నల్ ఆప్-ఆంప్‌లు (సిగ్నల్‌ను బలపరిచే చిన్న చిప్‌లు), కెపాసిటర్లు దాటుకునే బయటికి రావాలి. ధర తగ్గించాలనుకున్న కంపెనీలు చెయ్యి బిగబట్టేది అక్కడే. కెపాసిటర్ రకాన్ని బట్టి సిగ్నల్ ఎలా చెడుతుందో వాల్ట్ జంగ్, రిచర్డ్ మార్ష్ 1980లోనే అమెరికా ‘ఆడియో’ పత్రికలో వివరించారు. 1980ల నడుమ మారంట్జ్‌లో కెన్ ఇషివాటా సీడీ-45 ప్లేయర్‌కు మెరుగైన విడిభాగాలు వేయించి లిమిటెడ్ ఎడిషన్‌గా తెచ్చారు. అభిరుచితో ఇంట్లో చేసుకునే పనికి కంపెనీ ముద్ర కూడా పడింది.

ఇక ఆప్-ఆంప్‌ల సంగతి. 1970ల చివర వచ్చిన ఎన్ఈ5532 మొదలు ఓపీఏ2134 దాకా, ఆడియోలో వాడే డ్యూయల్ ఆప్-ఆంప్‌లలో చాలావాటికి అవే ఎనిమిది కాళ్లు, అదే అమరిక. బోర్డు మీద ఐసీ బేస్ ఉంటే సోల్డరింగ్ అవసరమే లేదు, ఒకటి పీకి ఇంకొకటి గుచ్చవచ్చు. ఈ సులువే చాలామందిని తప్పుదారి పట్టించింది. వేగం ఎక్కువున్న ఆప్-ఆంప్‌ను దానికి తగని సర్క్యూట్లో పెడితే మెగాహెర్ట్జ్‌లలో ఊగిసలాడుతుంది. అది చెవికి వినిపించదు. చిప్ వేడెక్కుతుంది, ధ్వని చెడుతుంది. ఓసిలోస్కోప్ పెడితే తప్ప కారణం దొరకదు. సరిగ్గా కట్టిన సర్క్యూట్లో ఎన్ఈ5532 ఇప్పటికీ తక్కువది కాదు.

అందుకే పాత డాక్‌లో ముందు చూడాల్సింది పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను. లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోయి అవి బలహీనపడతాయి. అదే విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం తీసుకోండి. ఇలాంటివి కొనడానికి హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ప్లస్, మైనస్ కాళ్లు తారుమారు కానివ్వకండి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మల్టీమీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.