పడవ ఎక్కడుందో కాదు, ఎవరు ఆపుతారు?

క్యాబ్ ఏ సందులో తిరుగుతోందో ఫోన్లో చూస్తాం. సముద్రం మధ్యలో ఉన్న కంటెయినర్ ఓడని కూడా ఇంట్లో కూర్చుని మ్యాపులో చూడొచ్చు. మరి గోదావరిలో తిరిగే చిన్న లాంచీ సంగతేంటి? ఒకప్పుడు ఈ విషయంలో మనవాళ్ళే నయం అనిపిస్తుంది నాకు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర కాలువలు సాగుకే కాదు, పడవలకీ పనికొచ్చేలా తవ్వించాడు. కాకినాడలో బయల్దేరిన పడవ ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరొచ్చు. నీటిమట్టం మారే చోట లాకులు కట్టారు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్ళు పెంచో దించో, ముందు తలుపు తియ్యాలి. అంటే మనిషి కంటబడకుండా ఏ పడవా దాటలేదు. మన భాషలో ప్రతి లాకూ ఓ చెక్‌పాయింట్ అన్నమాట. పైగా ఆ మనిషి తలుపు తియ్యకపోతే పడవ కదలదు!

తర్వాత రైళ్ళూ లారీలూ వచ్చి కాలువల్లో పడవలు తగ్గిపోయాయి. నది మీద పర్యాటకుల లాంచీలు పెరిగాయి. నదిలో లాకులుండవు కదా..

ఈలోగా సముద్రంలో ఏఐఎస్ వచ్చింది. ఓడ తన పేరు, చోటు, వేగం రేడియోలో తనే చెప్పుకుంటూ పోతుంది. అంతర్జాతీయంగా తిరిగే 300 టన్నులు, ఆపై ఓడలకి 2004 చివరికల్లా తప్పనిసరి చేశారు. రైన్ నదిలో పెద్ద పడవలకి 2014 డిసెంబర్ నుంచి తప్పనిసరి. కాకపోతే ఆ రేడియోకి కొండ అడ్డొస్తే కష్టం. పాపికొండల్లో ఉన్నవే కొండలూ మలుపులూ.

2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. బోటులో ఎంతమంది ఉన్నారు? మొదట అరవై పైచిలుకు అన్నారు. అది పెరిగి పెరిగి చివరికి 77 దగ్గర ఆగింది. బతికింది 26 మంది. బోటుని అక్టోబర్ 22న గానీ బయటికి లాగలేకపోయారు.

ఆ బోటుకి జీపీఎస్ ఉంటే? ఎక్కడ మునిగిందో ముందే తెలిసేది, అంతే. మనుషుల లెక్క దానికి తెలియదు, వరదలో వెళ్ళొద్దని అది చెప్పదు. ఆ పని రేవులో మనిషి చెయ్యాలి. 2020 జూన్‌లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. నా దృష్టిలో అవి మళ్ళీ లాకులే.

మనకి డాష్‌బోర్డులంటే మోజెక్కువ. మ్యాపు మీద చుక్క కదులుతుంటే అంతా అదుపులో ఉన్నట్టనిపిస్తుంది. చుక్కలు పెట్టండి, కాదనను. కానీ ముందు రేవులో తలలు లెక్కపెట్టి, అవసరమైతే తాడు విప్పనివ్వని మనిషిని పెట్టండి. పై నుంచి ఎవరు ఫోన్ చేసినా అతని మాటే చెల్లాలి.