ఆపరేటింగ్ సిస్టమ్

ఆపరేటింగ్ సిస్టమ్ లేదా నిర్వహణ వ్యవస్థ అనగా కంప్యూటరులోని యంత్రభాగాలను తన అదుపులో ఉంచుకొని, వాటిని వివిధ ప్రోగ్రాములకు పంచి ఇచ్చే మూల సాఫ్ట్‌వేరు. బల్లమీది కంప్యూటరు, సర్వరు, సెల్‌ఫోను, బ్యాంకు ఏటీఎం మొదలైన వాటన్నింటిలోనూ ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. విండోస్, లినక్స్, మాక్‌ఓఎస్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ విరివిగా వాడుకలో ఉన్నవి.

ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనులు స్థూలంగా రెండు. మొదటిది సౌలభ్యం: ప్రోగ్రాము రాసేవారు డిస్కు, తెర, కీబోర్డు ఎలా పనిచేస్తాయో తెలుసుకోనక్కరలేకుండా వాటిని వాడుకొనే వీలు కల్పించడం. రెండవది రక్షణ: ఒక ప్రోగ్రాములోని తప్పు మరొక ప్రోగ్రామును గాని, మొత్తం యంత్రాన్ని గాని చెరపకుండా చూడటం. ఈ రక్షణ ఎంతవరకు పనిచేస్తుందన్నది తప్పు జరిగిన భాగం వ్యవస్థలో ఏ పొరలో ఉందనే దానిపై ఆధారపడి ఉంటుంది.

## చరిత్ర

తొలితరం కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఒక్కొక్క పనికి యంత్రాన్ని మనిషే సిద్ధం చేసేవాడు. ఒక పని ముగిసి మరొకటి మొదలయ్యే లోపు ఖరీదైన యంత్రం ఖాళీగా ఉండేది. ఈ వృథాను తగ్గించడానికి 1956లో జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థలు ఐబీఎం 704 కంప్యూటరు కోసం ఒక ప్రోగ్రామును తయారుచేశాయి. అది వరుసగా పేర్చిన పనులను ఒకదాని వెంట ఒకటి నడిపేది. తొలి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటిగా దీనిని పేర్కొంటారు.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకొనే కాలవిభజన పద్ధతిని ప్రదర్శించింది. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరులో వర్చువల్ మెమొరీ అమలులోకి వచ్చింది. 1969లో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్‌ను ప్రారంభించారు. 1973లో దానిని సీ భాషలో తిరగరాశారు. దీనివల్ల ఒక రకం యంత్రానికే కట్టుబడకుండా వేర్వేరు యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుకోవడం సులభమైంది.

వ్యక్తిగత కంప్యూటర్లకు ఎంఎస్-డాస్ 1981లో, విండోస్ మొదటి కూర్పు 1985లో వచ్చాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశాడు. ఐఫోను 2007లో, ఆండ్రాయిడ్‌తో తొలి ఫోను 2008లో మార్కెట్లోకి వచ్చాయి. ఆండ్రాయిడ్ కూడా లినక్స్ కెర్నెల్ మీదనే ఆధారపడి ఉంది.

## నిర్మాణం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటరును ప్రారంభించినపుడు, మదర్‌బోర్డులోని చిప్‌లో భద్రపరచిన చిన్న ప్రోగ్రాము మొదట యంత్రభాగాలను సిద్ధం చేస్తుంది. తరువాత డిస్కు నుండి కెర్నెల్ మెమొరీలోకి చేరుతుంది. అప్పటినుండి యంత్రాన్ని ఆపివేసే వరకు కెర్నెల్ మెమొరీలోనే ఉంటుంది.

ఆధునిక ప్రాసెసర్లు కనీసం రెండు స్థితులలో పనిచేయగలవు. కెర్నెల్ స్థితిలో అన్ని ఆదేశాలూ చెల్లుతాయి. వినియోగదారు స్థితిలో డిస్కును నేరుగా తాకడం, ఇతర ప్రోగ్రాముల మెమొరీని మార్చడం వంటివి కుదరవు. వర్డ్ ప్రాసెసరు, బ్రౌజరు వంటి సాధారణ ప్రోగ్రాములు వినియోగదారు స్థితిలోనే నడుస్తాయి. వాటికి డిస్కుతోనో, నెట్‌వర్కుతోనో పని పడినపుడు కెర్నెల్‌ను అడగాలి. ఇలా అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. కెర్నెల్ ఆ కోరికను పరిశీలించి, అనుమతి ఉంటే పని చేసి, ఫలితాన్ని ప్రోగ్రాముకు అందిస్తుంది.

కెర్నెల్‌లో ఏ పనులు ఉంచాలనే విషయంలో రెండు మార్గాలున్నాయి. ఏకశిలా కెర్నెల్‌లో ఫైల్ వ్యవస్థ, పరికరాల డ్రైవర్లు మొదలైనవన్నీ కెర్నెల్ స్థితిలోనే నడుస్తాయి. లినక్స్ ఈ కోవకు చెందింది. సూక్ష్మ కెర్నెల్‌లో అత్యవసరమైన కొన్ని పనులు తప్ప మిగిలినవి వినియోగదారు స్థితిలో ఉంటాయి. 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం రూపొందించిన మినిక్స్ ఈ రకం. మొదటి పద్ధతిలో వేగం సాధించడం తేలిక. రెండవ పద్ధతిలో ఒక డ్రైవరు చెడినా మొత్తం యంత్రం ఆగిపోయే ప్రమాదం తక్కువ.

## ప్రధాన విధులు

### ప్రాసెస్‌ల నిర్వహణ

డిస్కు మీద ఉన్నంతవరకు ప్రోగ్రాము కేవలం ఒక ఫైలు. అది నడవడం మొదలైన తరువాత దానిని ప్రాసెస్ అంటారు. ప్రాసెసరులోని ఒక కోరు ఒక క్షణంలో సాధారణంగా ఒక ప్రాసెస్‌నే నడపగలదు. అయినా పాట వింటూ, ఉత్తరం రాస్తూ, ఫైలు దిగుమతి చేసుకోవడం సాధ్యమవుతోంది. దీనికి కారణం కెర్నెల్ ఒక్కొక్క ప్రాసెస్‌కు కొన్ని మిల్లీసెకన్ల వంతు ఇచ్చి, వంతు ముగియగానే మరొకదానికి మారడమే. మారేముందు మొదటి ప్రాసెస్ ఎక్కడ ఆగిందో రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ దాని వంతు రాగానే అక్కడినుండే కొనసాగిస్తుంది.

వంతు ముగిసిందని తెలపడానికి యంత్రంలోని గడియారం ప్రాసెసరుకు ఒక సంకేతం పంపుతుంది. అందువల్ల ఒక ప్రోగ్రాము అంతులేని చక్రంలో చిక్కుకున్నా మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. విండోస్ 3.1 వంటి పాత వ్యవస్థలలో ప్రోగ్రాము తానంతట తాను వంతు వదలవలసి వచ్చేది. వదలకపోతే తెర మొత్తం స్తంభించేది.

### మెమొరీ నిర్వహణ

ప్రతి ప్రాసెస్‌కు, మెమొరీ అంతా తనదే అన్నట్లు కెర్నెల్ ఒక ఊహా చిరునామాల వరుసను చూపుతుంది. దీనిని వర్చువల్ మెమొరీ అంటారు. 32 బిట్ల వ్యవస్థలో ఈ వరుస 4 గిగాబైట్లు, అనగా సుమారు 429 కోట్ల బైట్లు. మెమొరీని పేజీలు అనే సమాన భాగాలుగా విభజిస్తారు. ఒక పేజీ సాధారణంగా 4096 బైట్లు ఉంటుంది. ఏ ఊహా పేజీ నిజమైన మెమొరీలో ఎక్కడ ఉందో తెలిపే పట్టికను కెర్నెల్ నిర్వహిస్తుంది.

పట్టికలో లేని చిరునామాను ఒక ప్రాసెస్ తాకబోతే ప్రాసెసరు వెంటనే కెర్నెల్‌కు తెలుపుతుంది. ఆ పేజీ తాత్కాలికంగా డిస్కు మీద ఉంటే కెర్నెల్ దానిని తెచ్చి ఇస్తుంది. అది ఆ ప్రాసెస్‌కు చెందనిదైతే ప్రాసెస్‌ను ఆపివేస్తుంది. వినియోగదారు స్థితిలో ఇలాంటి తప్పు వల్ల ఒక్క ప్రోగ్రామే మూతపడుతుంది. అదే తప్పు కెర్నెల్‌లోనే జరిగితే, దాన్ని ఆపడానికి పైన ఎవరూ ఉండరు. అందువల్ల డేటా మరింత చెడకుండా యంత్రం మొత్తాన్ని నిలిపివేస్తారు. విండోస్‌లో చాలాకాలం కనబడిన నీలి తెర దీనికి గుర్తు.

### పరికరాల నిర్వహణ

కీబోర్డు, డిస్కు, ప్రింటరు వంటి ఒక్కొక్క పరికరంతో మాట్లాడే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పరికరానికి చెప్పవలసినది ఏదైనా ఉన్నపుడు ప్రాసెసరుకు ఇంటరప్ట్ అనే సంకేతాన్ని పంపుతుంది. ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపి, కెర్నెల్‌లోని తగిన డ్రైవరును నడిపి, తిరిగి పాత పనికి వస్తుంది.

### ఫైల్ వ్యవస్థ

డిస్కు మీద ఉండేవి కేవలం అంకెలు వేసిన గడులు. వాటికి పేర్లు, ఫోల్డర్లు, అనుమతులు కల్పించేది ఫైల్ వ్యవస్థ. ప్రోగ్రాము రాసిన సమాచారం సాధారణంగా వెంటనే డిస్కుకు చేరదు. కెర్నెల్ దానిని కొంతసేపు మెమొరీలో ఉంచి, తరువాత డిస్కుకు పంపుతుంది. ఈ లోపు కరెంటు పోతే సమాచారం పోవచ్చు, ఫైళ్ళ పట్టిక కూడా సగంలో చెడవచ్చు. దీనికి విరుగుడుగా ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ట్4 వంటి వ్యవస్థలు చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో నమోదు చేసుకుంటాయి. కరెంటు తిరిగి వచ్చాక ఆ చిట్టాను చూసి పట్టికను సరిచేసుకుంటాయి. అయితే సేవ్ చేయని రాతను ఈ చిట్టా తిరిగి తేలేదు.

## తెలుగు పదం తెరపైకి వచ్చే క్రమం

పై విధులన్నీ కలిసి పనిచేసే తీరును ఒక పదం ద్వారా గమనించవచ్చు. అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం దగ్గరి ఊరైన బలిఘట్టం పేరును ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో రాస్తే ఈ క్రింది దశలు జరుగుతాయి.

# మీట నొక్కగానే కీబోర్డు ఇంటరప్ట్ పంపుతుంది. డ్రైవరు ఆ మీట సంఖ్యను చదువుతుంది. ఆ మీట తెలుగులో ఏ అక్షరమో కీబోర్డు అమరిక తేలుస్తుంది.
# ఈ పదంలో బ, ల, ి, ఘ, ట, ్, ట, ం అనే 8 యూనికోడ్ సంకేతాలు ఉంటాయి. కంటికి కనబడేవి మాత్రం బ, లి, ఘ, ట్టం అనే 4 అక్షరాలు.
# 8 సంకేతాలను 4 అక్షరాలుగా కూర్చే పని లిపి కూర్పు సాఫ్ట్‌వేరుది. లకు గుడి కలపాలనీ, రెండవ టను వత్తుగా మార్చాలనీ ఇది ఫాంటులోని నియమాలను బట్టి నిర్ణయిస్తుంది. విండోస్‌లో యూనిస్క్రైబ్, లినక్స్‌లో హార్ఫ్‌బజ్, ఆపిల్ వ్యవస్థలలో కోర్‌టెక్స్ట్ ఇలాంటివి.
# సేవ్ చేసినపుడు ప్రోగ్రాము ఈ పదాన్ని బైట్లుగా మార్చి, సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌కు అందిస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున ఈ పదానికి 24 బైట్లు అవుతాయి. డిస్కు మీద మాత్రం ఇంత చిన్న ఫైలుకు కూడా ఎక్స్‌ట్4లో సాధారణంగా 4096 బైట్ల గడి ఒకటి కేటాయించబడుతుంది.

ఫైల్ వ్యవస్థ దృష్టిలో ఇవి 24 బైట్లు మాత్రమే. అవి తెలుగు అక్షరాలని దానికి తెలియదు. అందువల్ల ఏ పద్ధతిలో సేవ్ చేశారో ఆ పద్ధతిలోనే తెరవాలి. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ చాలాకాలం వరకు ఆన్సీ పద్ధతిని అప్రమేయంగా వాడేది. అది చూపే హెచ్చరికను పట్టించుకోకుండా సేవ్ చేస్తే తెలుగు రాత ప్రశ్నార్థక చిహ్నాలుగా మారి, తిరిగి రాకుండా పోయేది. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8ను అప్రమేయంగా వాడుతోంది.

## ఆపరేటింగ్ సిస్టమ్‌లలో తెలుగు

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 0C00 నుండి 0C7F వరకు 128 స్థానాలు కేటాయించారు. కాని ఆపరేటింగ్ సిస్టమ్‌లు దానిని అమలుపరచడానికి పదేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో రాత అర్థం లేని గుర్తులుగా కనిపించేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో పాటు తెలుగు యూనికోడ్ తోడ్పాటు లభించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగు వ్యాప్తికి తోడ్పడ్డాయి.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద ఆధారపడినదే. తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లో తెలుగును ఫోను భాషగా ఎంచుకొనే సౌకర్యం చేరింది.

## వైఫల్యాలు

### 2018: తెలుగు అక్షరంతో ఆగిన ఐఫోన్లు

2018 ఫిబ్రవరిలో, ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం అందితే ఐఫోన్లలో ప్రోగ్రాములు మూతపడుతున్నట్లు వెల్లడైంది. వార్తలలో దీనిని "జ్ఞా" అక్షరంగా పేర్కొన్నారు. నిజానికి మామూలుగా రాసే జ్ఞా వల్ల ఈ సమస్య రాలేదు. "జ్ఞ" తరువాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరినపుడు మాత్రమే వచ్చింది. ఈ వరుసను కూర్చడంలో కోర్‌టెక్స్ట్ పొరబడి మెమొరీని చెరిపేది.

తప్పు కెర్నెల్‌లో లేదు. అయితే అక్షరాలు చూపే ప్రోగ్రాములలో అధిక భాగం కోర్‌టెక్స్ట్‌నే వాడుతుంది. అందువల్ల ఆ సందేశాన్ని తెరవబోయిన ప్రోగ్రాము మూతపడేది. అది నోటిఫికేషనుగా వస్తే ఫోను ముఖ్య తెరను నడిపే స్ప్రింగ్‌బోర్డ్ కూడా పడిపోయేది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దీనిని సరిచేసింది. మాక్, వాచ్, టీవీ వ్యవస్థలకు కూడా అదే రోజు సవరణలు ఇచ్చింది.

### 2024: కెర్నెల్‌లోని డ్రైవరు

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విండోస్ యంత్రాలకు పంపిన నవీకరణ వల్ల సుమారు 85 లక్షల యంత్రాలు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. 20 విలువలు మాత్రమే అందినపుడు 21వ విలువను చదవబోవడం ఈ తప్పుకు మూలం. సాధారణ ప్రోగ్రాములో ఇది జరిగితే ఆ ఒక్క ప్రోగ్రామే మూతపడేది. కాని ఈ సాఫ్ట్‌వేరు డ్రైవరుగా కెర్నెల్ స్థితిలో నడుస్తున్నందున మొత్తం యంత్రమే ఆగింది. తిరిగి ప్రారంభించినా అదే డ్రైవరు మళ్ళీ నడిచి మళ్ళీ నీలి తెర వచ్చేది. సంస్థ గంటన్నర లోపే నవీకరణను వెనక్కి తీసుకున్నా, అప్పటికే ఆగిన యంత్రాలలో అనేకం మనిషి దగ్గరుండి సరిచేస్తే తప్ప లేవలేదు. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

2018 నాటి తప్పు అందరూ పంచుకొనే సేవలోనిది, 2024 నాటిది కెర్నెల్‌లోనిది. తప్పు చిన్నదైనా, అది ఉన్న పొర ఎంత లోతైనదైతే దాని ప్రభావం అంత విస్తృతమని ఈ రెండు ఘటనలు తెలుపుతాయి. డ్రైవర్లను, భద్రతా సాఫ్ట్‌వేరును వీలైనంతవరకు కెర్నెల్ వెలుపల నడపాలనే వాదనకు ఆధారం ఇదే.

## ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* లినక్స్
* యునిక్స్
* కంప్యూటరు
* తెలుగు లిపి