లాగ్ పద్ధతి ఫైల్ సిస్టమ్‌లు: స్నాప్‌షాట్లు, గార్బేజ్ కలెక్షన్

లాగ్ పద్ధతి ఫైల్ సిస్టమ్‌లో ఏ బ్లాకునూ ఉన్నచోటే చెరిపి రాయరు. మార్పు ఏదైనా లాగ్ చివర, కొత్త చోట చేరుతుంది. పాత ప్రతి ఉన్నచోటే ఉండిపోతుంది. డిస్కులో చోటు కావాల్సినవారికి ఆ పాత ప్రతి చెత్త. నిన్నటి ఫైలు కావాల్సినవారికి అదే ఆస్తి. అందుకే గార్బేజ్ కలెక్షన్‌నూ స్నాప్‌షాట్లనూ వేర్వేరు సౌకర్యాలుగా లెక్కగట్టడం సరికాదు. ఏ బ్లాకుకు ఇంకా ప్రాణం ఉన్నట్టు అన్న ఒకే ప్రశ్న చుట్టూ రెండూ తిరుగుతాయి. ఈ ఫైల్ సిస్టమ్‌లు ఎదిగింది ఆ ప్రశ్న అడిగే తీరు మారినప్పుడే.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఓస్టర్‌హౌట్ రూపొందించిన ఇలాంటి ఫైల్ సిస్టమ్ స్ప్రైట్ ఎల్‌ఎఫ్‌ఎస్ వివరాలు 1991లో వెలువడ్డాయి. మెమరీ పెరిగేకొద్దీ చదివే పని క్యాష్‌లోనే తీరిపోతుందనీ, డిస్కుకు మిగిలేది ముఖ్యంగా రాసే పనేననీ వారి అంచనా. డిస్కును పెద్ద సెగ్మెంట్లుగా విడగొట్టి, క్లీనర్ అనే ప్రోగ్రాము పాత సెగ్మెంట్లను చదివి, పనికొచ్చే బ్లాకులను వేరేచోటికి చేర్చి, మిగతా చోటును ఖాళీ చేసేలా ఏర్పాటు చేశారు. ఎంత చోటు దక్కుతుంది, డేటా ఎంత పాతది అన్న రెండూ చూసి సెగ్మెంట్లను ఎంచుకోవడం వారి గొప్ప ఆలోచన. అయితే బ్లాకుకు ప్రాణం ఉందా లేదా అన్నది ఫైలు ప్రస్తుత ఐనోడ్ (దాని బ్లాకులు ఎక్కడున్నాయో రాసి ఉండే పద్దు) చెప్పినదాన్ని బట్టే తేలేది. చెక్‌పాయింట్లు ఉన్నా, అవి క్రాష్ తర్వాత కోలుకోవడానికే. గతానికి అక్కడ చోటు లేదు.

ఈ పద్ధతిని బీఎస్‌డీకి తెచ్చిన మార్గో సెల్ట్జర్ బృందమే 1995లో గట్టి అభ్యంతరం లేవనెత్తింది. లావాదేవీల తరహా పనిలో, డిస్కు సగం నిండేసరికే క్లీనర్ భారం వల్ల వేగం మూడో వంతుకు పైగా పడిపోతోందని చూపింది. చిన్న చిన్న మార్పులు డిస్కంతా చెదిరిపడే పనిలో ఈ విమర్శ న్యాయమైనదే. కాకపోతే రాత వేగం ఒక్కటే ఈ పద్ధతి ఇచ్చే లాభమని అనుకున్నప్పుడే ఆ లెక్క పూర్తవుతుంది. పాత ప్రతులకే విలువ కడితే, క్లీనర్ ఖర్చును వేరే తూకంలో చూడాలి.

ఆ విలువ కట్టినది జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధనశాలలో పుట్టిన నిల్‌ఎఫ్‌ఎస్. దాని రెండో రూపం నిల్‌ఎఫ్‌ఎస్2, 2009 జూన్‌లో లినక్స్ కెర్నెల్ 2.6.30తో వచ్చింది. మార్పులు జరుగుతున్నంతసేపూ ఇది కొన్ని సెకన్లకోసారి తనంతట తానే చెక్‌పాయింట్ వేస్తుంది. వాటిలో కావాల్సినదాన్ని తర్వాతైనా ‘సీహెచ్‌సీపీ’ కమాండుతో స్నాప్‌షాట్‌గా మార్చి, పని సాగుతుండగానే చదవడానికి మౌంట్ చేసుకోవచ్చు. వేల చెక్‌పాయింట్లున్నప్పుడు ఒక్కో బ్లాకు గురించి అన్ని ఐనోడ్‌లనూ వెతకడం జరిగే పని కాదు. బ్లాకును జరిపితే పాత చెక్‌పాయింట్లన్నిటిలో చిరునామా దిద్దడం అంతకన్నా కష్టం. అందుకే ప్రతి బ్లాకుకూ ఒక వర్చువల్ నంబరిచ్చి, డాట్ అనే పట్టికలో అసలు చిరునామాతో పాటు పుట్టిన చెక్‌పాయింట్‌నూ కాలం చెల్లిన చెక్‌పాయింట్‌నూ రాసిపెడతారు. 100లో పుట్టి 250లో కాలం చెల్లిన బ్లాకు ఉందనుకుందాం. 180వ చెక్‌పాయింట్ స్నాప్‌షాట్ అయితే ఆ బ్లాకు నిలుస్తుంది. స్నాప్‌షాట్లు 90, 300 మాత్రమే అయితే, మామూలు చెక్‌పాయింట్లకు ఉండే రక్షణ గడువు దాటాక అది చెత్తే. జరిపినప్పుడు దిద్దాల్సింది పట్టికలోని ఆ ఒక్క పద్దునే. ఈ చరిత్రలో నిజమైన మలుపు ఇదే.

చదివిన ప్రతిసారీ పట్టిక చూడడం అదనపు భారం కాదా అంటే, భారమే. స్నాప్‌షాట్లు చోటు తింటాయన్నదీ నిజమే: వాటి బ్లాకులను క్లీనర్ జరపగలదు గానీ వదిలించుకోలేదు. మామూలు చెక్‌పాయింట్లకు డిఫాల్టుగా ఉండే రక్షణ 3,600 సెకన్లే. పొరపాటున చెరిపిన ఫైలును తిరిగి తెచ్చుకోవాల్సింది ఆ గంటలోనే, డిస్కు నిండుతూ క్లీనర్ పనిలో ఉంటే మరీనూ. కాబట్టి ముఖ్యమైన స్థితిని వెంటనే స్నాప్‌షాట్‌గా మార్చండి, అక్కర తీరగానే తిరిగి చెక్‌పాయింట్ చేయండి. ఇవన్నీ ఉండేది ఆ ఒక్క డిస్కులోనే గనక, బ్యాకప్ మాత్రం వేరేచోట తీసుకోవాల్సిందే.