పెరట్లో పోత కొలిమి

ఫ్లోరెన్స్ నగరంలో బెన్వెనూటో చెల్లీనీ తన ఇంట్లోనే కొలిమి కట్టుకున్నాడు. డ్యూక్ కాసిమో మెడిచి 1545లో అతనికి పెర్సియస్ కంచు విగ్రహం పని అప్పజెప్పాడు. పోత పోసిన రోజు జరిగిందంతా చెల్లీనీ తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. బయట గాలివాన. లోపల పైన్ కట్టెల మంట ఎగిసి పనిశాల కప్పు అంటుకుంది. తనకేమో ఒళ్లు పేలిపోయే జ్వరం. చేయాల్సింది పనివాళ్లకు చెప్పి మంచమెక్కాడు. కాసేపటికి ఒకడు వచ్చి, లోహం గడ్డకడుతోంది, ఇక పని చెడినట్టేనన్నాడు. చెల్లీనీ ఒక్క ఉదుటున లేచి, పొరుగింటి నుంచి ఏడాదిగా ఎండిన ఓక్ కట్టెలు తెప్పించి మంట పెంచాడు. లోహం కరిగింది గానీ చిక్కగా ఉండి సాగడం లేదు. అప్పుడు ఇంట్లో అన్నం తినే ప్యూటర్ పళ్లాలు, గిన్నెలు దాదాపు 200 తెప్పించి అందులో వేయించాడు.

అది నాటకం కోసం చేసిన పని కాదు. ప్యూటర్‌లో ఎక్కువ భాగం తగరమే. కంచులో తగరం పాలు పెరిగితే కరిగే వేడి తగ్గుతుంది, లోహం పలచబడి అచ్చు మూలమూలకూ పారుతుంది. విగ్రహం నిలిచింది. కుడి పాదం వేళ్ల దగ్గర మాత్రం లోహం సరిగా చేరలేదు. 1554లో ఆవిష్కరించిన ఆ పెర్సియస్ ఫ్లోరెన్స్‌లోని లోజియా దేయి లాంట్సీలో నేటికీ నిలబడే ఉంది. చెల్లీనీకి తన గొప్ప చెప్పుకోవడం అలవాటే కాబట్టి కథకు కొంత ఉప్పూ కారం తగిలి ఉండవచ్చు. అయితే ఆ కథలో కొలిమికీ వంటింటికీ మధ్య ఉన్న దూరం నాలుగడుగులే. ఆ కాలంలో పోత పని చాలావరకు ఇంటి పనే.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో ఆ పని ఇల్లు వదిలిపోయింది. 1707లో ఇంగ్లండ్‌లో ఏబ్రహాం డార్బీ ఇసుక అచ్చులో ఇనుప వంటపాత్రలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లకే కోల్‌బ్రుక్‌డేల్‌లో బొగ్గును కోక్‌గా మార్చి, దానితో ఇనుము కరిగించాడు. పోత ఇనుముకు పన్నెండు వందల డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడి కావాలి. కోక్, నిలువెత్తు కొలిమి, ఆగకుండా ఊదే గాలి యంత్రం కావాలి. అవన్నీ ఫ్యాక్టరీకి చెల్లుతాయి గానీ ఇంటికి చెల్లవు. పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి పోత అంటే ఊరి చివర పొగగొట్టం, లోపల వందల మంది కూలీలు.

విచిత్రంగా, లోహపు పనిని సరదాకు చేసుకునేవాళ్లు పెరిగింది కూడా ఆ శతాబ్దంలోనే. లండన్‌లో హోల్ట్‌జాఫెల్ కుటుంబం దొరలకు, ధనికులకు ఎంతో నాణ్యమైన లేత్‌లు, అంటే ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రాలు, తయారుచేసి అమ్మేది. ఆ ఇంటి వారసుడు చార్లెస్ హోల్ట్‌జాఫెల్ 1843లో మొదలుపెట్టిన సంపుటాలలో లోహాలు కరిగించడం, అచ్చు కట్టడం గురించి కూడా ఓపికగా రాశాడు. 1898లో పెర్సివల్ మార్షల్ ‘ది మోడల్ ఇంజనీర్ అండ్ అమెచ్యూర్ ఎలక్ట్రీషియన్’ పత్రిక పెట్టాడు. ఈసారి చదువరులు దొరలు కారు. గుమాస్తాలు, రైల్వే ఫిట్టర్లు, బడిపంతుళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి, వెనక గదిలో కాలితో తొక్కే లేత్ ముందు కూర్చుని అరచేతిలో పట్టే ఆవిరి యంత్రాలు చేసేవాళ్లు.

అయితే వాళ్లలో చాలామంది పోత పోసేవాళ్లు కాదు. థేమ్స్ ఒడ్డున హెన్లీ దగ్గర స్టువర్ట్ టర్నర్ అనే ఇంజనీరు ఒక చిన్న ఆవిరి యంత్రానికి కావలసిన పోత ముక్కలన్నీ పెట్టెలో సర్ది అమ్మడం మొదలుపెట్టాడు. సిలిండరు, పునాది పలక, గతిచక్రం, అన్నీ గరుకుగా, ఇసుక అంటుకునే ఉండేవి. కొన్నవాడు వాటిని చెక్కి, తొలిచి, బిగించి యంత్రం నడిపేవాడు. ఆ ఏర్పాటు హాబీకి గొప్ప మేలు చేసింది. నేర్పు ఉండి చోటు లేనివాడికి అది దారి చూపింది. కానీ సగం పని పరాయి చేతుల్లోనే ఉండిపోయింది. పెట్టెలో ఏ ఆకారం వస్తే ఆ యంత్రమే చేయాలి. మనసులో మెదిలిన కొత్త ఆకారానికి ఇంటి కొలిమి లేకపోతే దారి లేదు.

ఇంట్లో కరిగించడం అప్పటికి పిల్లల ఆటగా మిగిలింది. జర్మనీలో సీసపు సైనికుల బొమ్మలు పోసుకునే అచ్చులు అమ్మేవారు. పొయ్యి మీద గరిటెలో సీసం కరిగించి, అచ్చులో పోసి, దళాలకు దళాలు తీసేవాళ్లు పిల్లలు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి అంతా సులువుగానే సాగిపోయేది. సీసపు విషం పిల్లల ఒంట్లో ఏం చేస్తుందో లోకం గట్టిగా పట్టించుకున్నది చాలా తర్వాత.

ఇంటి కొలిమి రాత మార్చింది అల్యూమినియం. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టడానికి ఫిలడెల్ఫియాలో విలియం ఫ్రిష్‌ముత్ ఒక చిన్న పిరమిడ్ పోత పోశాడు. ఎత్తు 22.6 సెంటీమీటర్లు, బరువు వంద ఔన్సులు. అప్పట్లో ఆ లోహం ఎంత అపురూపమంటే, ఆ ముక్కను ముందు న్యూయార్క్‌లో టిఫానీ నగల దుకాణంలో ప్రదర్శనకు పెట్టారు. రెండేళ్లు తిరగకుండానే ఒహాయోలోని ఓబర్లిన్‌లో, చార్లెస్ మార్టిన్ హాల్ అనే కుర్రవాడు తన ఇంటి వెనక కట్టెల కొట్టంలో కరెంటుతో అల్యూమినియం తీసే మార్గం కనిపెట్టాడు. తోడుగా అక్క జూలియా ఉంది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ కూడా అదే మార్గం పట్టాడు. నగల దుకాణంలో మెరిసిన లోహం మరో రెండు తరాలకు మోటారు కారు పిస్టన్ల రూపంలో పాత సామాను కొట్టు చేరింది.

అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. మామూలు కట్టెబొగ్గుకు కాస్త గాలి ఊదితే ఆ వేడి అందుతుంది. దళసరి ఉక్కు డబ్బానే లోహం కరిగించే మూసగా వాడుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో బి. టెర్రీ ఆస్పిన్ అమెచ్యూర్ల కోసమే ప్రత్యేకంగా ఫౌండ్రీ పని పుస్తకం రాశాడు. పెట్టెలో వచ్చే పోత ముక్కల కోసం ఎదురుచూసే మోడల్ ఇంజనీర్లకు, నీ పెరట్లో నువ్వే పోసుకోవచ్చని ధైర్యం చెప్పిన పుస్తకాల్లో అదొకటి.

ఆ మాటను చివరిదాకా తీసుకెళ్లినవాడు డేవ్ జింజరీ. 1932లో పుట్టిన జింజరీ అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండేవాడు. 1980ల తొలి ఏళ్లలో, పాత సామానుతో సొంత మెషీన్ షాపు కట్టుకోవడం ఎలాగో చెబుతూ ఏడు చిన్న పుస్తకాలు రాశాడు. మొదటిది బొగ్గు కొలిమి. రెండోది లేత్. తర్వాత షేపర్, మిల్లింగ్ మెషీన్, డ్రిల్ ప్రెస్, డివైడింగ్ హెడ్, చివరికి రేకు వంచే యంత్రం. వరుస చూస్తేనే అతని ఆలోచన తెలుస్తుంది. లేత్ కొనే డబ్బు లేనివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? బకెట్టుతో.

ఇనుప బకెట్టు లోపల ఇసుక, కొలిమి మట్టి కలిపి దళసరిగా మెత్తాలి. కింద పక్కన ఒక గొట్టం, దానికి ఏదో పాత బ్లోయరు. మధ్యలో మూస, చుట్టూ బొగ్గు. ఇంతే కొలిమి. అసలు నేర్పంతా అచ్చులో ఉంది. సన్నని ఇసుకలో బెంటొనైట్ బంకమట్టి కలిపి, నీళ్లు చిలకరించి, కలియదొక్కాలి. గుప్పిట్లో పట్టి ఒత్తితే సున్నుండలా నిలవాలి, విరిస్తే అంచు పొడిపొడిగా రాలకుండా శుభ్రంగా రెండుగా విడిపోవాలి. పోయాల్సిన ముక్కకు చెక్కతో చెక్కిన నమూనాను, అంటే ప్యాటర్న్‌ను, రెండు భాగాల పెట్టెలో పెట్టి ఇసుక దిమ్మిస కొట్టి, పెట్టె విప్పి ప్యాటర్న్ తీసేస్తే ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి దారి తవ్వి లోహం పోస్తారు. అల్యూమినియం గడ్డకట్టి చల్లారేటప్పుడు పొడవులో వందకు 1.3 పాళ్లు కుంచించుకుపోతుంది. ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చేయకపోతే ముక్క కొలతకు రాదు. దళసరి చోట్ల లోహం ఆఖరున గడ్డకట్టి లోపలికి గుంటపడుతుంది కాబట్టి, అక్కడ అదనపు లోహాన్ని నిలవ ఉంచే రైజర్ పెట్టాలి.

జింజరీ లేత్‌లో అందరినీ కట్టిపడేసేది మరొకటి. పోత పోసిన అల్యూమినియం బెడ్‌కు ఉక్కు పట్టీ బిగించి, దాన్ని చేత్తో గీకి చదును చేయాలి. ఆ తర్వాత తిరిగే ఇరుసును మోసే హెడ్‌స్టాక్ రంధ్రాన్ని, ఇంకా పూర్తికాని ఆ లేత్ మీదే తొలవాలి. యంత్రం తన అవయవాన్ని తానే సరిచేసుకుంటుంది. లేత్ పూర్తయ్యాక దాని మీద షేపర్ భాగాలు, ఆ రెండింటితో మిల్లింగ్ మెషీన్. పదహారో శతాబ్దపు పనివాడికి ఇది వింతగా తోచేది కాదు, అప్పటి పనివాళ్లు తమ పనిముట్లు తామే చేసుకునేవారు. ఇరవయ్యో శతాబ్దపు చివర, అన్నీ దుకాణంలో దొరికే దేశంలో, ఒక మనిషి కూర్చుని ఆ గొలుసును మొదటి కొక్కెం నుంచి మళ్లీ అల్లాడు. అందుకే అతని పుస్తకాలు సాంకేతిక చరిత్రలో పెద్ద చోటుకు అర్హమైనవి. జింజరీ 2004లో కన్నుమూశాడు. కొడుకు విన్సెంట్ ఆ పుస్తకాల పని కొనసాగించాడు.

ఈ పనిలో ప్రమాదాన్ని దాచి రాయడం పాపం. నీటిబొట్టు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. తడి ఇసుకలోనో, తేమ పట్టిన పాత ముక్క లోపలో చిక్కిన నీరు కరిగిన లోహం కింద పడితే, లోహం అంతెత్తున చిమ్ముతుంది. సిమెంటు గచ్చు మీద ఒలికినా అంతే, గచ్చులోని తేమ పేలుతుంది. అందుకే ఎండిన ఇసుక పరిచి దాని మీదే పోస్తారు. ఇత్తడిది ఇంకో తంటా. అందులోని జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగ అవుతుంది. అది పీల్చినవాడికి ఆ సాయంత్రం వణుకుతో జ్వరం పట్టుకుంటుంది. పాత ఫౌండ్రీ కూలీలందరికీ ఆ జ్వరం పరిచయమే. శీతలపానీయాల డబ్బాలు కరిగిస్తే నిరాశ ఖాయం. పలచని రేకులో సగం మడ్డిగా మారిపోతుంది. సిలికాన్ ఎక్కువున్న పాత పిస్టన్లే మేలు.

1958లో హెచ్.ఎఫ్. ష్రోయర్ పేటెంటు తీసుకున్న పద్ధతి హాబీ కొలిమికి మరో తలుపు తెరిచింది. ప్యాటర్న్‌ను థర్మోకోల్‌తో చెక్కి ఇసుకలో పాతిపెట్టి, దాన్ని తీయకుండానే లోహం పోయడం. థర్మోకోల్ ఆవిరైపోతుంది, ఆ చోటు లోహం నింపుతుంది. పరిశ్రమ కోసం పుట్టిన ఈ ఉపాయం, వారంలో ఒక్క ఆదివారం ఖాళీ దొరికే మనిషికి బాగా అచ్చొచ్చింది. 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ త్రీడీ ప్రింటర్, తన ప్లాస్టిక్ భాగాలు తానే అచ్చువేసుకునే యంత్రం. ఇప్పుడు అలాంటి ప్రింటర్ల మీద తీసిన ప్లాస్టిక్ ఆకారాన్నే మట్టి పూతలో కాల్చి, ఆ ఖాళీలో అల్యూమినియం పోస్తున్నారు.

మైనంతో ఇదే పని చేస్తూ, పోతను ఎన్నడూ ఇల్లు దాటనివ్వని వాళ్లు తెలుగు నేల మీద ఉన్నారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంలో, ఆ చుట్టుపక్కల గూడేల్లో ఓఝా కుటుంబాలు గోండుల దేవతామూర్తులు, గంటలు, ఆభరణాలు పోస్తాయి. మట్టి బొమ్మ మీద మైనపు పోగులు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, కరిగిన ఇత్తడి పోస్తారు. అది వాళ్లకు సరదా కాదు, బతుకుతెరువు. ఆదిలాబాద్ డోక్రా అని పిలిచే ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రానిది మరో కథ. అక్కడి మూస ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యేది. భారత త్రికోణమితి సర్వే బృందంలోని వైద్యుడు హెన్రీ వాయిసీ ఆ కొలుములను కళ్లారా చూసి రాశాడు, అతను పోయాక 1832లో అది అచ్చయింది. లండన్‌లో, కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కును విశ్లేషించి, దాని గుణానికి కారణం అల్యూమినియం సంబంధమైన పదార్థమేమో అనుకున్నాడు. కాదు. ఆ ఉక్కు కత్తుల మీది నీటి అలల వంటి గీతల గుట్టు విప్పే పనిలో, అయోవా ప్రొఫెసర్ జాన్ వెర్హోవెన్‌తో కలిసి ఫ్లోరిడాలోని తన పనిశాలలో ఏళ్ల తరబడి మూసలు కాల్చినవాడు ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి. దక్షిణ భారత పద్ధతిలో మూసలో తంగేడు కట్టె ముక్కలు, జిల్లేడు ఆకులు వేసేవారని పాత రాతల్లో ఉంది. పెండ్రే కూడా ఇనుముతో పాటు బొగ్గు, గాజు ముక్కలు, పచ్చి ఆకులు వేసి కరిగించాడు. 1998లో వాళ్లు అచ్చువేసిన ఫలితం ప్రకారం, ఆ గీతలకు మూలం ఇనుప ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు. అలాంటి ఖనిజం అందడం ఆగిపోయాకే ఆ కత్తుల విద్య కూడా ఆగిపోయి ఉంటుందని వాళ్ల అంచనా.