బొబ్బిలి తుపాకి

ఉత్తరాంధ్రమున మా మిత్రులొకరి యింటి చావడిగోడపై నొక పాత తుపాకి కలదు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీని జరిగిన బొబ్బిలి యుద్ధమున తమ పూర్వులు దానిని శత్రువుచేతినుండి లాగికొనిరని యింటివారి నమ్మకము. వారి పెదతండ్రిగారు దానిని మాచేతి కిచ్చి, "నాయనా, దీని వెల యెంత యుండును?" అని యడిగిరి. వెల చెప్పుటకు ముందు అది యేనాటిదో తెలియవలెను గదా.

మొదట గొట్టములోనికి సన్నని వెదురుపుల్లను దింపితిమి. లోపలి కొలత వెలుపలి కొలతకు మిక్కిలి తగ్గినచో నందు పాతమందు నిలిచియుండవచ్చును. అట్టిదానిని నిపుణున కొప్పగింపవలెనే గాని కదపరాదు. ఇచ్చట భయము లేకపోయెను. గొట్టము పొడవు 39 అంగుళములు. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లసైనికుల తుపాకిగొట్టము తొలుత 46, పిదప 42 అంగుళములు. 39 అంగుళములది తూర్పుఇండియా కంపెనీవారు తమ సిపాయిలకై చేయించిన మాదిరి. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము రాగా, తుపాకులు చాలక ఇంగ్లండు ప్రభుత్వమువారు కంపెనీ సరకునే కొని, తరువాత నా మాదిరినే తమదిగా జేసికొనిరి. సిపాయి తుపాకియే దొరల సైనికుని తుపాకి యైనది!

కావున కొలత యొక్కటియే చాలదు, మరపలకను జూడవలెను. ప్రభుత్వమువారి దానిపై కిరీటమును, జీ.ఆర్. అను నక్షరములును ఉండును. కంపెనీవారి పాతవానిపై హృదయాకారపు వర్తకముద్ర యుండెడిది. 1808 ప్రాంతమునుండి ముంగాళ్లతో కిరీటమును బట్టి నిలుచున్న సింహము వచ్చినది. మా చేతిలోని పలకయో, అద్దమువలె మెఱయుచుండెను. ఏటేట ఆయుధపూజకు చింతపండును ఇటుకపొడియు బెట్టి తోముదురట. భక్తితో జేసిన పనియే, కాని తుపాకి నోరు మూసినట్లైనది. దీపమును ప్రక్కగా బట్టి చూడగా, చూడగా, ఒక తోకయు ఒక కాలును గానవచ్చెను. సింహమే.

1808 నాటి ముద్ర 1757లో నెట్లుండును? అదియునుగాక, నాడు విజయరామరాజునకు తోడై బొబ్బిలికోటపైకి బుస్సీ నడపినది ఫ్రెంచిసేన. ఇంగ్లీషు కంపెనీది కాదు. ఈ మాట చెప్పుట మాకు కష్టమైనది. ఆ పెద్దవారు చాలసేపు పలుకక, "అయితే మా తాతలు బొంకిరా?" అనిరి. బొంకి రని మే మనుకొనము. పూర్వులు బొబ్బిలిలో పోరియుండవచ్చును, తుపాకి మఱి రెండుతరములకు ఇల్లు చేరియుండవచ్చును. ముసలమ్మల కథలలో రెండు నొక్కటైనవి.

ఇక వెల. ముద్ర తెలియుట, కఱ్ఱ మొదటిదే యగుట, చెకుముకిమర మాఱకుండుట, ఇవి వెలను బెంచును. 1840 ప్రాంతమున పెక్కు తుపాకులను టోపీతో పేలునట్లు మార్చిరి. అట్టివానికి మరల చెకుముకిమర తగిలించి పాతదే యని యమ్మువారును గలరు. మెఱుగుపెట్టినదానికి వెల తగ్గును. ఇనుముపై గట్టిన గోధుమవన్నె పొరయే దాని వయస్సునకు సాక్షి. 1959 నాటి ఆయుధచట్టము, బాగుచేసినను పేలని పాత తుపాకులను మాత్రమే విడిచిపెట్టినది. 1972 నాటి పురావస్తుచట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన యిట్టి వస్తువును గృహస్థు లెవరును విదేశములకు బంపరాదు. లండను వేలముల ధరలు చదివి మురియువారి కీ సంగతి చెప్పవలసియున్నది.

ఆ పెద్దవారు వెలమాట మరల నెత్తలేదు. మొన్నటి దసరాకు తుపాకిపై నొక బంతిపూవు మాత్రముంచి, చింతపండును వంటయింటికి బంపివేసిరట.