సబా అల్ సలేం వంటింటికి సాల్మను వచ్చిన త్రోవ

కువైట్ నగరమునకు దక్షిణమున, ఫహాహీలునకు పోవు పెద్దదారికి ప్రక్కగా, అఖాతపుటలలకు అనతిదూరముననే యుండియు సముద్రము కంటికి కానరాని సబా అల్ సలేం అను నివాసప్రదేశమునకు, 1965 మొదలు 1977 సంవత్సరాంతమున కన్నుమూయు వరకును ఆ దేశము నేలిన అమీరు షేక్ సబా అల్ సలేం అల్ సబా పేరు పెట్టినారు. 1999లో ఏర్పడిన ముబారక్ అల్ కబీర్ గవర్నరేటులో నిది యొక భాగము. శిథిలదేవాలయములు గాని, కోటగోడలు గాని, శాసనస్తంభములు గాని లేని యిట్టి క్రొత్తయూరికి చరిత్ర యేమున్నదని పండితులు పెదవి విరువవచ్చును. కాని అంకెలు వేసిన ఆ బ్లాకులలో, అద్దె ఫ్లాట్లలో, సాయంకాలము పనినుండి తిరిగివచ్చిన తెలుగు గృహస్థులు ఫ్రిజ్జు తెరచి, నారింజవన్నె సాల్మను తునకలకు సోయా సాసును తేనెను కలిపి పూసి, ఓవెనులో నుంచి, ప్రక్క పొయ్యిమీద అన్నముడుకులోపలనే విందు సిద్ధము చేసికొనుచున్న అలవాటు వెనుక చాల దూరపు కథ యున్నది. ఆ విందులో మనకు క్రొత్తగా తోచు తీపిపూత నిజమునకు ఈ తీరమున తాతలనాటిది. సర్వసాధారణముగా తోచు ఆ చేప మాత్రము నిన్నమొన్నటిది. ఈ తారుమారును చూపుటయే నా యుద్దేశము.

చమురునకు పూర్వము కువైట్ జీవనమంతయు సముద్రమే. 1938లో బుర్గాను వద్ద చమురు బయల్పడి, 1946 జూన్ 30వ తేదీన మొదటి చమురునౌక తీరము విడుచుటకు ముందు, ఆ యూరి పురుషులలో అనేకులు వేసవియంతయు ముత్యపుచిప్పలకై నీట మునిగి, శీతకాలమున సరకుటోడలపై పరదేశములకు పోవుచుండిరి. త్రాగునీటిని సైతము షత్ అల్ అరబ్ నదినుండి పడవలలో తెచ్చుకొనవలసి వచ్చిన ఆ పట్టణపు నావికులు, శరత్కాలమున బస్రా తోటలకడ ఖర్జూరము నింపుకొని, కరాచీ, బొంబాయి, మలబారు రేవులలో దించి, ఓడలు కట్టుటకు టేకుకలపను, కొబ్బరిపీచు మోకులను, బియ్యమును, సుగంధద్రవ్యములను వెంటబెట్టుకొని తిరిగివచ్చుచుండిరి. 1938–39లో ఒక కువైటీ ఓడపై స్వయముగా ప్రయాణము చేసిన ఆస్ట్రేలియా రచయిత అలన్ విలియర్స్ ఆ నావికుల బ్రదుకును సవిస్తరముగా వర్ణించియున్నాడు. 1961లో దీనారము వెలువడు వరకును అక్కడి అంగళ్ళలో చెలామణి యైనది మన రూపాయియే. 1959 నుండి మాత్రము గల్ఫు దేశములకై ప్రత్యేకపు రూపాయినోట్లు ముద్రించిరి. నేడు దీనారమునకు రూపాయలెన్ని వచ్చునని ప్రతిదినము విచారించు రాయచోటి యువకుని తాతనాడు, ఆ తీరవాసియే రూపాయి చేతబట్టి మన తీరపు బియ్యము కొనుచుండెనన్న మాట మన మెందుకో మరచితిమి.

ఆ బియ్యమును ఆ ఖర్జూరమును ఒకేపాత్రలో కలిసినవి. ఖర్జూరపు పానకమును అరబ్బులు దిబ్స్ అందురు. దానిని తీయు విధానము మిక్కిలి సరళమైనది: నేలయందు కాలువలు తీర్చిన చిన్నగదిలో ఖర్జూరపు బస్తాలను ఒకదానిపై నొకటి పేర్చినచో, ఆ బరువునకును ఎండవేడికిని రసము తనంత తాను స్రవించి, కాలువలగుండ పోయి మూల నున్న కుండలో నిండును. ఇట్టి గదులు బహ్రెయిను కోటదిబ్బ త్రవ్వకములలో బయల్పడినవి. అవి మూడువేల యేండ్లకు మించిన ప్రాచీనతగలవి. ఈ దిబ్సుతో వన్నెకట్టిన తీయని యన్నము ముహమ్మర్. దాని సరసన వేయించిన సాఫీచేప. బహ్రెయిను, కువైట్ తీరములందు ముత్యపువేటగాండ్రతో ముడిపడిన భోజనమిది. దినమంతయు ఊపిరిబిగబట్టి మునుగువానికి రాత్రి తినెడి ఆ తీపి రుచికొరకుమాత్రమే కాదు, బలముకొరకు.

చేపకును తీపికిని పొత్తు కుదరదని ముక్కు చిట్లించువారు మనలోను లేకపోలేదు. కాని గోదావరి మండలముల చేపలపులుసులో పులుపు విరుగుటకై చిటికెడు బెల్లము వేయు గృహిణులు కలరు. వారి నడిగినచో అది తీపి కాదు, పులుపునకు దిద్దుబాటు మాత్రమే యందురు. జపానువారు సోయారసమును తీయని బియ్యపుమద్యమును కలిపి చేపపై మెరుగు పెట్టుటలోని రహస్యమును ఇదియే: ఉప్పును తీపియు ఒకదాని నొకటి సరిదిద్దుట. కనుక ఆ పూతను టోకియోనుండి వచ్చిన వింతగా భావించువారు తమ అమ్మమ్మ పులుసుచట్టిని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇక చేప మాట. కువైట్ తీరవాసులు ఖర్జూరపుమట్టలతో ఆటుపోటుల నడుమ కట్టిన హద్రా అను దడులలోను, తీగతో అల్లిన గర్గూర్ అను గుమ్మటపు బోనులలోను చేపలు పట్టెడివారు. వారికి జుబైదీ మీద గల మక్కువ చెప్పనలవికాదు. అది మన చందువయే. అన్నముపై అమర్చి వడ్డించు ముతబ్బక్ సమక్ అను వంటకములో దానిదే అగ్రాసనము. కాని తెలుగువాని హృదయమునకు మిగుల సన్నిహితమైనది మరొకటి కలదు. వసంతమున అఖాతపు శిరోభాగమునుండి షత్ అల్ అరబ్ నదిలోనికి ఎదురీదిపోవు సుబూర్, శాస్త్రజ్ఞుల లెక్కలో, శ్రావణపు వరదకు ఎదురుగా గోదావరి నెక్కివచ్చు పులసతో ఏకజాతీయము. సముద్రమున నున్నంత కాలము సామాన్యమైన ఆ చేప, గ్రుడ్లు పెట్టుటకై మంచినీట బడి ప్రవాహముతో పెనగులాడినంతనే రుచిలో మారిపోవును. 1847 మొదలు 1852 వరకు ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినమాట వాస్తవమే. పులసకు మాత్రము దారి మూసినది. నాటినుండి దాని సంచారము ఆనకట్టకు దిగువన గోదావరీ పాయలకే కుదించుకొనిపోయి, కాలక్రమమున సంఖ్యయు క్షీణించి, తుదకు ధర శ్రీమంతుల చేతికే అందునట్లయినది.

ఈ పులస సుబూరుల స్వభావమే అట్లాంటిక్ సాల్మనునకును గలదు. మంచినీటి యేటిలో పుట్టి, సముద్రమున బలిసి, జన్మస్థానపు నీటివాసన నాధారముగా గొని, జలపాతములను సైతము దుమికి పుట్టిన యేటికే మరలివచ్చుట దాని ప్రకృతి. జాతులు వేరైనను జీవనరీతి యొక్కటే. అందుచేత, గోదావరీతీరమున పుట్టి సబా అల్ సలేమున సాల్మను వండుకొనునట్టి స్త్రీ తన యూరిచేపకు దూరపుబంధువునే వండుకొనుచున్నదని నేను చెప్పదలచియుంటిని. కాని ఒక చిక్కున్నది. ఆమె వండు చేప ఆ ఏటిచేప కాదు.

1970లో నార్వేదేశమున హిత్ర ద్వీపమునందు గ్రోంట్వెట్ సోదరులు తేలెడి వలబోనులలో సాల్మను పిల్లలను విడిచి పెంచుటతో ఈ పరిశ్రమకు నిలుకడ చిక్కినది. అటుపైని పదిహేనేండ్లకు నార్వేవారు తమ చేపను పచ్చిగా తినుటకు జపానువారిని ఒప్పింప బూనిరి. అప్పటివరకు జపానీయులు పురుగుల భయముచేత సాల్మనును ఉడికించియో కాల్చియో తప్ప తినెడివారు కారు. ఉత్పత్తి గిరాకీని మించిపోయి, 1991లో నార్వేలోని పెంపకందార్ల విక్రయసంస్థ దివాలా తీయగా, అమ్మకముల యన్వేషణ మరింత తీవ్రమయ్యెను. నేడు ఏటేట పదిలక్షల టన్నులకు మించి సాల్మను నార్వేనుండియే వచ్చుచున్నది. మంచుపెట్టెలలో నింపి విమానములపై ఎడారిదేశములకు పంపుచున్నారు. జన్మనదికి మరలుటయే ప్రాణమైన జంతువునకు జన్మనదియే లేకుండజేసిన విచిత్రపు టేర్పాటిది. అడవిచేపకు రొయ్యజాతి జీవులను తినుటవలన గలిగెడి ఆ నారింజవన్నె కూడ బోనుచేపకు మేతలో కలిపిన రంగుపదార్థమువలననే వచ్చును. అది లేనిచో మాంసము పాలిపోయి యుండును.

దీనిని వినగానే నగరవాసి ఉలికిపడును గాని భీమవరము, ఆకివీడు ప్రాంతములవాడు ఉలికిపడడు. కొల్లేటి చుట్టుపట్టుల వరిచేలు చెరువులుగా మారుటయు, మేతలెక్కలు, జబ్బులు, ధరలపతనము అతడు కన్నులార చూచినవే. పన్నెండవ శతాబ్దమున కళ్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము వ్రాసి, ఏ చేపకు ఏ యెర ప్రియమో వివరించెను. దక్కనున చేపకు మేత వేయు విద్యకు కనీసము అంతటి వయస్సు కలదు. రాజు వినోదమునకు జేసినదానిని రైతు అప్పునకు జేయుచున్నాడు, అంతియే భేదము.

తెలుగువారు కువైట్ చేరిన క్రమమును ఇచ్చట సంగ్రహముగా చెప్పిన చాలును. 1973 తరువాత చమురుధర పెరిగి నిర్మాణములు విజృంభించిన కాలమున కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతముల పురుషులును, తరువాత గోదావరి జిల్లాల స్త్రీలును అధికముగా పోయిరి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు ప్రవేశించినపుడు లక్షకుపైగా భారతీయులను అమ్మానునగరము మీదుగా విమానములపై స్వదేశమునకు చేర్చిరి. మరుసటి యేటి ఫిబ్రవరిలో విముక్తి కలిగినపిదప పలువురు మరల పోయిరి. రాయచోటివానికి చేపయన్న చెరువుచేప, దానికి తోడు రాగిసంగటి. సముద్రపుచేప యతనికి కువైటే నేర్పినది. రాజోలు, నరసాపురముల స్త్రీకి అది పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ రెండుతెగల వంటయు కలిసిన చోటు జమియా. 1962 నాటి సహకారచట్టము క్రింద కైఫానున మొదలై, ప్రతి నివాసప్రదేశమునకు ఒకటిగా వెలసిన సహకారసంఘపు విక్రయశాలలకు అచ్చటివారు పెట్టిన పేరది. సబా అల్ సలేమునకును స్వంత జమియా కలదు. అందు సాల్మను తునకలు ముల్లు తీసి, పొలుసు గీకి, తూకము వేసి యుండును. ముల్లు లేకపోవుటయే దాని విజయరహస్యమని నా నిశ్చయము. రుచిలో పులసకు, సుబూరునకు అది సాటిరాదు. కాని ఆ రెండును ముండ్లపుట్టలు. నిదానముగా, వ్రేళ్ళతో వెదకి, మాటలాడక తినవలసినవి. పండ్రెండుగంటలు పనిచేసి వచ్చినవానికి ఆ నిదాన మెక్కడిది? పసిపిల్లలున్న యింట ఆ ధైర్య మెక్కడిది? చేపకు ఋతువు లేదు, ముల్లు లేదు, శుభ్రపరచు శ్రమ లేదు: ఆధునికోద్యోగి అడిగినవన్నియు నార్వే రైతు తీర్చినాడు.

వండు విధమును చెప్పకుండ ఊరకుండుట పాఠకునియెడ అన్యాయము. తునకలకు ఉప్పు రాచి పది నిమిషములుంచి, చెమ్మ పూర్తిగ తుడిచివేయవలెను; తడియున్నచో చేప కాలదు, ఉడుకును. సోయా సాసు, వెల్లుల్లి, కారము, చిక్కని చింతపండు రసము, దానికి రెట్టింపు దిబ్స్ కలిపి గరిటెకు పట్టునంతవరకు మరగనీయవలెను. తేనెకంటె దిబ్స్ మేలు. దానిలోని కొద్దిపాటి చేదు సాల్మను కొవ్వును విరుచును. 200 డిగ్రీల వేడిలో ఎనిమిది నిమిషములు చేపను ఒంటిగా కాల్చి, పిమ్మటనే పూత వేసి, మరి నాలుగు నిమిషములుంచవలెను. మొదటనే పూసినవారి పూత మాడి చేదెక్కును, చేప పచ్చిగా నుండును. తీపి ముందు కాలుట దాని ధర్మము. తునకలపై తెల్లని నురుగువంటిది పొంగినచో వేడి మితిమీరినదని గ్రహించి వెంటనే తీయవలెను. నెల్లూరు పులుసువలె దీనిని మరునాటికి దాచుకొనదలచుట పొరపాటు. పులుసు రాత్రి గడచినకొలది రుచిమీరును. సాల్మను మరల వేడిచేసినచో కొవ్వువాసన వేయును. వండినపూటనే తిని ముగింపవలెను.

ఈ చింతపండు దిబ్సుల కలయిక ఎవరు తొలుత చేసిరో ఏ గ్రంథమునను లేదు గాని, అది యెటువంటి చోట పుట్టగలదో ఊహించుట కష్టము కాదు. సబా అల్ సలేమునందలి పౌరుల సొంతయిండ్లలో, యజమానిని బాబా యనియు యజమానురాలిని మామా యనియు పిలుచుచు, మజ్బూసు అను మసాలాయన్నమును ముతబ్బకును నేర్చి వండిన మన స్త్రీలు రెండు భాషల రుచులను ఒకే నాలుకపై మోసిరి. ముప్పదియేండ్లు నిండనివారిని ఇంటిపనికై ఆ దేశమునకు పంపరాదని మన ప్రభుత్వము నిబంధన పెట్టినది. కనుక వారచ్చటికి పోవునప్పటికే ఒక సంసారమునకు వండిపెట్టిన చేయితిరిగినవారు. 2015 నాటి 68వ చట్టము వారికి వారమున కొక సెలవుదినము నిచ్చినది. చట్టమునందున్నదెల్ల ప్రతి వంటింట నుండదు గాని, సెలవు దొరికిన శుక్రవారమున బంధువుల ఫ్లాటునకు వచ్చిన ఆమె చేతిసంచిలో దిబ్స్ సీసా యుండుటలో వింత యేమున్నది?

ముత్యపువేటగాని ముహమ్మర్ గురించి పుస్తకము లున్నవి, నార్వే బోనుల గురించి ప్రభుత్వపులెక్కలున్నవి. ఈ స్త్రీల వంట గురించి తెలుగున ఒక్క చిన్నపొత్తమైన నా కంటబడలేదు. వారు వృద్ధులగుచున్నారు, పలువురు కోనసీమ గ్రామములకు తిరిగివచ్చి యున్నారు. వారి యిండ్ల పిల్లలు చదువుకొన్నవారు. తల్లి కువైటున ఏ యింట ఏ వంట నేర్చినదో, దానిలో తనది ఏమి కలిపినదో అడిగి వ్రాసికొనుడు. వంటతోపాటు ఆమె పనిచేసిన సంవత్సరములను, బయలుదేరిన యూరిపేరును తప్పక చేర్చుడు.