పట్టాభిగారి జీవితమున రెండు ఘట్టములు

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని మనము స్మరించు దినములు మూడు. 1880 నవంబరు 24న వారు నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనున జన్మించిరి. 1923 నవంబరు 28న వారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు బందరున వ్యాపారము ప్రారంభించెను. 1959 డిసెంబరు 17న వారు స్వర్గస్థులైరి. ఈ మూడు దినములును ఇరువదినాలుగు దినములలో వచ్చి పోవును. సభలు, పూలమాలలు, ఉపన్యాసములు అన్నియు ఆ లోపలనే ముగియును. ఆ బ్యాంకు సయితము నూరేండ్లు నిండకమునుపే, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై తన పేరును పోగొట్టుకొనెను. పట్టాభిగారిని సరిగా తెలిసికొనగోరు శ్రోతలు మరి రెండు ఘట్టములను గూడ గమనింపవలెను. వానికి ఎవరును ఉత్సవములు చేయరు.

మొదటిది 1917 నాటిది. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగినది మొదలు ప్రత్యేకాంధ్ర రాష్ట్రమను మాట తెలుగు జిల్లాలలో వినవచ్చుచుండెను. ప్రభుత్వము ఎట్లును ఈయదు. కాంగ్రెసు ఈయవచ్చును గదా! తెలుగు జిల్లాల కాంగ్రెసు అంతయు మదరాసు సంఘము క్రిందనే యుండెను. వైద్యవృత్తిని వదలుకొని ప్రజాసేవకు దిగిన పట్టాభిగారు ఆ సంవత్సరము కలకత్తా కాంగ్రెసున ఆంధ్రులకు వేరు శాఖ కావలెనని పట్టుపట్టిరి. అధ్యక్షురాలైన అనిబిసెంటమ్మగారు తీవ్రముగ వ్యతిరేకించిరి. రాజ్యాంగ సంస్కరణములు వచ్చువరకు వేచియుండవచ్చునని గాంధీగారు సయితము తలచిరి. తిలక్ మహాశయుడు మాత్రము ఇందలి న్యాయమును గ్రహించెను. పట్టాభిగారు వేచియుండుటకు ఒప్పుకొనలేదు. 1918లో ఆంధ్ర కాంగ్రెసు శాఖ ఏర్పడెను. 1920లో నాగపురమున కాంగ్రెసు దేశమంతటను తన శాఖలను భాషను బట్టియే పునర్నిర్మించుకొనెను. ఇంటిభాషలో సాగని రాజకీయము వకీళ్ల వ్యాపకముగనే మిగిలిపోవునని నేడు మనకు సుబోధమే. ఆనాడు దానిని వాదించి గెలువవలసి వచ్చెను.

తరువాతి కథ చాలవరకు అందరును ఎరిగినదే. ఉప్పు సత్యాగ్రహము, 1935లో కాంగ్రెసు చరిత్ర రచన, 1942 నుండి అహమ్మదునగరు కోటలో నిర్బంధము. 1939 అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుగారికి 1580 ఓట్లు, వీరికి 1377 ఓట్లు వచ్చెను. ఆ ఓటమి తనదేయని గాంధీగారు ప్రకటించిరి. 1948లో పట్టాభిగారు అదే పదవిని గెలుచుకొనిరి. అయినను లోకము ఆ గెలుపును మరచి ఓటమినే తలచుట వింత.

రెండవ ఘట్టము ఆ గెలుపు వెంటనే వచ్చినది. 1948 డిసెంబరులో జయపురము కాంగ్రెసు భాషారాష్ట్రముల విషయము పరిశీలించుటకు ముగ్గురితో ఒక సంఘమును వేసెను. జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి, ఈ మూడు పేర్ల మొదటి అక్షరములను బట్టి దానికి జె.వి.పి. సంఘమని పేరు వచ్చెను. 1949 ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక భాషారాష్ట్రములను కొంతకాలము వాయిదా వేయవలెననెను. ఆంధ్రము విషయమున మాత్రము సడలింపు చూపెను. కాని మదరాసు నగరముపై హక్కును ఆంధ్రులు వదలుకొనవలెననెను. దానిపై పట్టాభిగారు సంతకము చేసిరి.

1917లో వేచియుండనన్నవారు 1949లో వేచియుండుడనిరి. దేశవిభజన గాయములు పచ్చిగ నుండెను. హైదరాబాదు పోలీసు చర్య జరిగి ఏడాదియైనను కాలేదు. ఆయన అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులు. ఇవన్నియు నిజమే. ఆయనను ద్రోహియనుట అన్యాయము. అయినను కలకత్తాలో ఆయన చేసిన వాదమునకు ఈ నివేదికలో సమాధానము లేదని నా యభిప్రాయము. అదే సంవత్సరము చివర నేర్పడిన విభజన సంఘమున ప్రకాశం పంతులుగారు మదరాసును విడువ నొల్లక తమ భిన్నాభిప్రాయమును వేరుగ వ్రాసిరి. పని నిలిచిపోయెను.

మూడేండ్లు గడచెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఏబదియెనిమిది దినముల నిరశనము పిదప మదరాసులో ప్రాణములు విడిచిరి. కోస్తా పట్టణములు అట్టుడికినట్లు ఉడికెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ముఖ్యమంత్రి ప్రకాశంగారు, రాజధాని కర్నూలు. మదరాసు మనకు రాలేదు. 1949 నివేదిక చెప్పిన ఆంధ్రమే, ఒక ప్రాణము బలియైన తరువాత, మనకు దక్కెను.

అప్పటికి పట్టాభిగారు మధ్యప్రదేశమునకు గవర్నరుగ నుండిరి. ఆ రాష్ట్రమునకు నాడు రాజధాని నాగపురము.